ఇంట్లో కట్టుకునే బార్బెక్యూ స్మోకర్: గోడల మధ్య ఏం నింపాలి, లోపల ఏ రేకు వాడాలి?

పెరటిపొయ్యి_ఫ్రిస్కో అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో ఉంటున్నాము. 55 గ్యాలన్ల ఇనుప పీపాతో నేనే చేసుకున్న స్మోకర్‌లో (మాంసాన్ని పొగలో నెమ్మదిగా వండే పొయ్యిలో) మూడేళ్లుగా కోడి, టర్కీ, మేక జబ్బ వండుతున్నాను. వేసవిలో దానితో ఏ ఇబ్బందీ లేదు. ఉత్తరపు గాలి మొదలైతే మాత్రం అది నా చేతిలో నిలవడం లేదు. పోయిన జనవరిలో ఒక రాత్రి మేక జబ్బ పెట్టాను. అప్పటిదాకా 250 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిలకడగా ఉన్న థర్మామీటర్ ముల్లు, గాలి తిరిగిన అరగంటలో 190కి పడిపోయింది. కింది గాలి రంధ్రాలు తెరిస్తే బొగ్గు రగిలి 300 దాటింది, మూస్తే మళ్లీ కిందికి జారింది. కంబళి కప్పుకుని తొమ్మిది గంటలు పక్కనే కూర్చున్నా, తెల్లవారి కోసి చూస్తే ఎముక దగ్గర మాంసం గట్టిగానే ఉంది. ఇంటికి పిలిచిన వాళ్లకు ఆ రోజు పప్పు, చారు వండి పెట్టాము.

అందుకని ఈ సారి బీరువా ఆకారంలో, రెండు గోడలతో పెట్టె కట్టాలని నిశ్చయించుకున్నాను. లోపలి కొలతలు రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు. అడుగున బొగ్గు బుట్ట, దాని మీద వేడిని పక్కలకు మళ్లించే పలక, ఆ పైన మాంసానికి నాలుగు ఊచల జాలీలు ఉంటాయి. వేడి 225 నుంచి 275 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య, అంటే 107 నుంచి 135 సెల్సియస్ మధ్య నిలబడాలి. గోడల మధ్య నింపడానికి నా దృష్టిలో ఉన్నవి ఇవి: గ్యారేజీలో మిగిలిపోయిన గులాబీ రంగు ఫైబర్‌గ్లాస్, డబ్బాలో దొరికే స్ప్రే ఫోమ్, ఇసుక, ఫైర్ బ్రిక్ (నిప్పుకు తాళే ఇటుక), రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పోగుల ఊలు). లోపలి గోడకు ఏసీ గొట్టాలకు వాడే జీఐ రేకు (జింక్ పూత ఉన్న ఇనుప రేకు) చవకగా దొరుకుతోంది. పిల్లలు తినే తిండి కాబట్టి డబ్బు మిగలడం కన్నా ఆరోగ్యానికి హాని లేకపోవడమే నాకు ముఖ్యం. స్వయంగా కట్టినవారు, ఈ వస్తువులతో పని చేసినవారు దయచేసి చెప్పగలరు.

రేకుపని_హ్యూస్టన్ సమాధానం:

పెరటిపొయ్యి గారూ, మీ జాబితాలో రెండు రకాల వస్తువులు కలిసిపోయి ఉన్నాయి. వేడిని ఆపే వస్తువు వేరు, వేడిని దాచుకునే వస్తువు వేరు. ఇసుక, బరువైన ఫైర్ బ్రిక్ రెండో కోవకు చెందినవి. అవి ముందు తాము వేడెక్కడానికే మీ బొగ్గులో చాలా భాగం తీసుకుంటాయి, తరువాత ఆ వేడిని నెమ్మదిగా లోపలికీ బయటికీ వదులుతాయి. తలుపు తెరిచి మూసినప్పుడు పెట్టె త్వరగా కోలుకోవడానికి అది ఉపయోగమే కానీ, బయటికి పోయే వేడిని అది ఆపదు. మన టెక్సస్‌లోనే ఉన్న లాక్‌హార్ట్‌లో పాత మాంసపు అంగళ్ల ఇటుక పొయ్యిలు చూసి చాలామంది ఇటుకే మేలనుకుంటారు. అక్కడ నిప్పు దాదాపు రోజూ ఉంటుంది, ఇటుక పూర్తిగా చల్లారే సమయమే దొరకదు. నెలకు రెండుసార్లు వెలిగించే పెరటి పొయ్యికి ఆ లెక్క కుదరదు.

మీ కొలతల పెట్టెకు పై కప్పు, అడుగుతో సహా గోడలన్నీ కలిపి సుమారు 3.7 చదరపు మీటర్లు వస్తాయి. లోపల 120, బయట 20 డిగ్రీల సెల్సియస్ ఉన్నాయనుకుని, గాలి లేని రోజుకు నేను లెక్క వేశాను. ఒంటి రేకు గోడ అయితే ఇంచుమించు 1800 వాట్ల వేడి బయటికి పోతుంది. అంగుళం మందాన రాక్‌వూల్ పెడితే అది 480 దరిదాపులకు, రెండంగుళాలు పెడితే 275కు, నాలుగంగుళాలు పెడితే 150కి దిగుతుంది. మంచి బొగ్గు కిలోకు 30 మెగాజూళ్లు ఇస్తుందనుకుంటే, పన్నెండు గంటల వంటలో ఒంటి రేకు గోడలే రెండున్నర కిలోల బొగ్గును ఆరుబయటికి పంపుతాయి, రెండంగుళాల ఊలుతో అది అర కిలో లోపే ఉంటుంది. మొదటి అంగుళంతో వచ్చే లాభమే పెద్దది. రెండు అంగుళాల దగ్గర ఆగిపోండి, ఆ పైన పెట్టె లావెక్కడమే మిగులుతుంది.

స్ప్రే ఫోమ్ మాట పూర్తిగా మరిచిపోండి. అది పాలీయూరిథేన్. అంటుకుంటే దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది. పాత ఫ్రిజ్‌ను స్మోకర్‌గా మార్చాలనుకునే వారికీ ఇదే హెచ్చరిక, ఎందుకంటే దాని గోడల్లో ఉన్నది సాధారణంగా ఈ ఫోమే, లోపలి పూత ప్లాస్టిక్. మరీ పాత ఫ్రిజ్ జాలీలకు కాడ్మియం పూత ఉండవచ్చు, ఆ జాలీల మీద మాంసం ఎన్నడూ పెట్టకూడదు. మీ గులాబీ ఫైబర్‌గ్లాస్‌లో గాజుపోగుకు ఏమీ కాదు. ఒక ముఖానికి అంటించిన కాగితం, దానిని అతికించిన తారు, పోగులను పట్టి ఉంచే జిగురు వేడికి తాళవు. రాక్‌వూల్ పోగు వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటినా కరగదు. దానిలోనూ జిగురు ఉంటుంది, అది 200 డిగ్రీల పైన కాలడం మొదలవుతుంది. మీ పెట్టె పై భాగం గోడలు ఆ వేడికి చేరవు కాబట్టి అక్కడ కాగితం అంటించని రాక్‌వూల్ పలకలు నిశ్చింతగా వాడవచ్చు. బొగ్గు బుట్ట చుట్టూ మాత్రం వాడవద్దు.

ఇంకొకటి నేను చేతులారా చేసిన తప్పు. నా మొదటి పెట్టెకు లోపలి రేకును, బయటి రేకును తలుపు చట్రం దగ్గర ఒకే మందపాటి ఇనుప పట్టీకి వెల్డ్ చేశాను. ఆ డిసెంబరులో కాన్సస్‌లో మా అన్నయ్య ఇంట్లో దానిని వెలిగించాము. ఉదయం చూస్తే పెట్టె మీద పేరుకున్న నూగు మంచు గోడలన్నిటా చెక్కుచెదరకుండా ఉంది, తలుపు చుట్టూ రెండంగుళాల పట్టీ మాత్రం గీత గీసినట్లు కరిగి తడిగా ఉంది. వేడి అంతా ఆ ఇనుము గుండా నడిచి వెళ్లిపోతోందని అప్పుడు కంటితో చూశాను. సాధారణ ఇనుము వేడిని రాక్‌వూల్ కన్నా వెయ్యి రెట్లకు పైగా సులువుగా దాటిస్తుంది, 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు ఆ ఇనుములో మూడో వంతే దాటిస్తుంది. రెండు రేకులూ కలిసే చోట పలుచని స్టెయిన్‌లెస్ పట్టీ పెట్టి, దాని కింద సిరామిక్ తాడు గానీ ఫైబర్‌గ్లాస్ పొయ్యి తాడు గానీ వేసి, వీలైనంత తక్కువ బోల్టులతో బిగించండి.

కొలిమి_గాజువాక సమాధానం:

నేను ఉక్కు కర్మాగారంలో కొలిమి లోపలి పూతల విభాగంలో ముప్పై ఏళ్లు పని చేసి పదవీ విరమణ చేశాను. మాంసం పొగబెట్టడం నాకు తెలియదు, నిప్పు పక్కన ఏది నిలుస్తుందో తెలుసు. అంతవరకే చెబుతాను.

ఫైర్ బ్రిక్ పేరుతో అంగట్లో రెండు రకాల ఇటుకలు ఉంటాయి. ఒకటి బరువైనది, నిప్పు ఒరిపిడికి తట్టుకుంటుంది కానీ వేడిని ఆపలేదు. రెండవది గుల్లగా, నీటిలో వేస్తే తేలేటంత తేలికగా, గోటితో గీస్తే గీత పడేటంత మెత్తగా ఉంటుంది. వేడిని ఆపేది ఈ రెండవది. మేము వీటిని కలిపే వాడేవాళ్లం. నిప్పు తగిలే ముఖానికి బరువైన ఇటుక, దాని వెనక గుల్ల ఇటుక, ఆ వెనక ఉక్కు పెంకు. మీ బొగ్గు బుట్ట చుట్టూ కూడా పలుచని బరువైన ఇటుక ముక్కలు ఒక వరుస, వాటి వెనక అంగుళం, అంగుళంన్నర గుల్ల ఇటుక పెడితే మీ జీవితకాలానికి సరిపోతుంది. అతకడానికి మామూలు సిమెంటు వాడవద్దు. దానిలో పట్టుకొని ఉన్న నీరు మూడు వందల డిగ్రీల సెల్సియస్ పైన విడిపోతూ సిమెంటు పొడిబారి రాలుతుంది. హై అల్యూమినా సిమెంటు గానీ, పొయ్యిల కోసమే అమ్మే రిఫ్రాక్టరీ ముద్ద గానీ తీసుకోండి.

సిరామిక్ బ్లాంకెట్ (వేడికి తాళే పోగులతో చేసిన దుప్పటి) గురించి మీరు అడగలేదు, ఎవరో ఒకరు తప్పక సూచిస్తారు కనుక ముందే చెబుతున్నాను. 1260 డిగ్రీల సెల్సియస్ దాకా తాళేది, పని తీరు గొప్పది. కానీ అల్యూమినా, సిలికాతో చేసిన పాత రకం పోగును అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ మనుషులలో కేన్సర్ కలిగించగల అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. మేము కోసేటప్పుడు ఎండ పడిన చోట గాలిలో సన్నని మెరుపులు తేలుతూ కనిపించేవి, సాయంత్రానికి ముంజేతులు దద్దుర్లెక్కేవి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలునని ఆ రోజుల్లో అనుకునేవాళ్లం. అది చాలదని నాతో పని చేసిన వాళ్ల దగ్గు విని తెలుసుకున్నాను. ఇప్పుడు శరీరంలో కరిగే రకం పోగుతో చేసిన బ్లాంకెట్ దొరుకుతుంది, దానిని సూపర్‌వూల్ వంటి పేర్లతో అమ్ముతారు. ఈ పనికి అదే అడిగి తెచ్చుకోండి, దానిని కోసేటప్పుడు కూడా సరైన మాస్కు పెట్టుకోండి. ఏ పోగైనా సరే, మాంసం ఉన్న అరలోకి దాని ముఖం కనిపించకూడదు. లోపలి రేకును చుక్క వెల్డులతో కాకుండా అతుకంతా నిండుగా వెల్డ్ చేయించండి. కొవ్వు, ఆవిరి లోపలికి దిగితే ఊలు తడిసిపోతుంది, తడిసిన ఊలు వేడిని ఆపదు. అలాగే బయటి రేకు అడుగున నాలుగు చిన్న చిల్లులు ఉంచండి, ఎలాగో చేరిన తడి అక్కడి నుంచి ఆరిపోతుంది.

ఎక్కడైనా పాత ఆస్‌బెస్టాస్ తాడు, అట్ట దొరికితే ముట్టవద్దు. మన ఊళ్లలో పాత షెడ్లలో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి.

ఓక్_మొద్దు సమాధానం:

పై ఇద్దరు పెద్దలు చెప్పినదంతా గోడల గురించి. నేను ఆస్టిన్ దగ్గర పన్నెండేళ్లుగా పోస్ట్ ఓక్ కట్టెలతోనే వండుతున్నాను కాబట్టి నిప్పు గురించి చెప్పాలి. గోడ మారితే నిప్పు మారుతుంది, ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు.

ఇక్కడి వాళ్లు పావంగుళం మందం ఉక్కుతో చేసిన ఒంటి గోడ పొయ్యిలనే ఎందుకు వాడతారంటే, ఆ గోడలు వేడిని పోగొడుతూ ఉండడం వల్ల పెద్ద నిప్పు అవసరమవుతుంది, పెద్ద నిప్పుకు గాలి బాగా అందుతుంది, కట్టె మంట పెట్టి కాలుతుంది, పొగ పలుచగా లేత నీలంగా వస్తుంది. అదే పొయ్యికి రెండంగుళాల ఊలు కట్టి అదే మొద్దు వేస్తే వేడి హద్దు దాటిపోతుంది. అప్పుడు మనం గాలి మూస్తాము, మొద్దు మంట లేకుండా కుములుతుంది, తెల్లని చిక్కటి పొగ వచ్చి మాంసం మీద తారులాంటి మసి పడుతుంది. నాలుక మీద పెట్టుకుంటే తిమ్మిరెక్కి చేదు తెలుస్తుంది. ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) పెట్టిన తరువాత రుచి చెడిందని చెప్పేవారిలో చాలామంది చేసేది ఈ పొరపాటే.

మీది బొగ్గు పొయ్యి కాబట్టి మీకు ఇన్సులేషన్ మేలే చేస్తుంది, కానీ బుట్టను చిన్నదిగా చేయండి. కొలిమి గారు చెప్పిన గుల్ల ఇటుక నిప్పు చుట్టూ ఉంటే చిన్న నిప్పు కూడా తన వేడిని తాను నిలుపుకుని పొగను శుభ్రంగా కాలుస్తుంది. పైన పొగగొట్టం ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉండాలి, వేడిని కింది గాలి రంధ్రంతో మాత్రమే అదుపు చేయాలి. కట్టెను పిడికిలంత ముక్కలుగా, ఒకసారికి ఒకటి రెండు మాత్రమే వేయండి. మేక మాంసానికి నాకు పోస్ట్ ఓక్ కన్నా పెకాన్ కట్టె నచ్చుతుంది. సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే వారాంతంలో, టెక్సస్‌లోని బ్రేడీలో జరిగే మేక బార్బెక్యూ పోటీకి ఒకసారి వెళ్లి చూడండి, మన నాలుకకు దగ్గరగా ఉండే వంట అక్కడ కనిపిస్తుంది.

మాంసం లోపల 65 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య గంటల తరబడి ముల్లు కదలకపోతే కంగారుపడి గాలి తెరవకండి. ఉపరితలం మీద తడి ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తున్నంత సేపూ అలాగే ఉంటుంది. మూసినట్లుండే పెట్టెలో తేమ ఎక్కువ కాబట్టి మాంసం ఎండిపోదు, పైపొర మాత్రం కాస్త ఆలస్యంగా గట్టిపడుతుంది.

పాత డెక్కు (ఇంటి వెనక చెక్క అరుగు) చెక్కలు కాల్చవద్దు. అమెరికాలో 2003 చివరి వరకు ఇళ్ల కోసం తయారు చేసిన, పుచ్చిపోకుండా రసాయనం పట్టించిన కలపలో చాలావరకు ఆర్సెనిక్ ఉండేది.

కోనసీమ_చేపలు సమాధానం:

నేను అమలాపురం దగ్గర ఇలాంటి ప్రయత్నమే చేస్తున్నాను. వంటనూనె వచ్చిన 200 లీటర్ల పీపా తీసుకుని, లోపలి పూత పోయే వరకు ఎండు కొబ్బరి మట్టలతో రెండుసార్లు గట్టిగా కాల్చి, గీకి కడిగాను. దాని చుట్టూ పెద్ద రేకు చుట్టించి మధ్య ఖాళీ ఉంచాను. మాకు రాక్‌వూల్ తెప్పించుకోవడం ఖర్చు. రైస్ మిల్లు దగ్గర ఊక బూడిద గుట్టలుగా ఉంది. దానిని నింపవచ్చా? ఇంకొకటి, మా రేకుల మేస్త్రి లోపలికి జీఐ రేకే మంచిది, తుప్పు పట్టదు అంటున్నాడు.

కొలిమి_గాజువాక సమాధానం:

కోనసీమ గారూ, మీ ప్రశ్న చూసి చాలా సంతోషించాను. 1500 డిగ్రీల సెల్సియస్ దాటిన ద్రవ ఉక్కు మీద వేడి పోకుండా కప్పేందుకు ఉక్కు పరిశ్రమలో వాడేది ఈ ఊక బూడిదనే. కింద కరిగిన లోహం, పైన నల్లని బూడిద పొర. బూడిద కాస్త తొలగిన చోట మాత్రమే కళ్లు చెదిరే తెలుపు కనిపించేది. దానిలో చాలా భాగం సిలికా, గుల్లగా ఉంటుంది, బాగా కాలిన బూడిదలో కాలిపోవడానికి ఇంక పెద్దగా ఏమీ మిగిలి ఉండదు. మూడంగుళాల ఖాళీలో వదులుగా నింపండి, కూరవద్దు. కూరితే గుల్లదనం పోతుంది. కొన్నాళ్లకు కిందికి దిగుతుంది కాబట్టి పైన మూత ఉంచుకుని మళ్లీ నింపుకోండి. బాగా ఎండబెట్టి, నల్లగా మిగిలిన సగం కాలిన ఊకను జల్లించి తీసేయండి. దుమ్ము మాత్రం పీల్చవద్దు. ఎక్కువ వేడిలో కాలిన బూడిదలోని సిలికా ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డ కాదు, మాస్కు పెట్టుకోండి.

జీఐ రేకు విషయంలో మీ మేస్త్రి మాట బయటి గోడకు సరిపోతుంది, లోపలి గోడకు కాదు. దాని మీది జింక్ పూత 200 డిగ్రీల సెల్సియస్ దాటి ఎక్కువ కాలం ఉంచడానికి తగినది కాదు. 419 డిగ్రీల దగ్గర జింక్ కరుగుతుంది, నిప్పు దగ్గరి రేకు అంత వేడెక్కడం కష్టమేమీ కాదు. వెల్డ్ చేసేటప్పుడు వచ్చే తెల్లని పొగ పీలిస్తే ఆ రాత్రికి చలి జ్వరం వస్తుంది, మా వెల్డర్లు చాలామంది దానిని అనుభవించారు. నిమ్మరసం, చింతపండు పట్టించిన చేప దాని మీద కారితే పులుపుకు జింక్ కరిగి తిండిలో కలుస్తుంది. లోపలికి పూత లేని మామూలు ఇనుప రేకు వేసి, వంటనూనె రాసి కాల్చి నల్లని పొర కట్టించండి, మన ఇళ్లలో దోసె పెనానికి చేసినట్లే. డబ్బు ఉంటే 304 స్టెయిన్‌లెస్ వేయండి.

పెరటిపొయ్యి_ఫ్రిస్కో సమాధానం:

అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. జీఐ రేకు, ఫోమ్, ఫైబర్‌గ్లాస్ మూడూ వదిలేశాను. లోపలి గోడకు ఒకటిన్నర మిల్లీమీటర్ల 304 స్టెయిన్‌లెస్, బయటికి మామూలు ఇనుము, మధ్య రెండంగుళాల రాక్‌వూల్ పలకలు. అడుగున పద్నాలుగు అంగుళాల ఎత్తు వరకు రాక్‌వూల్ ఉండదు, గుల్ల ఇటుక, దాని ముందు పలుచని బరువైన ఇటుక ఉంటాయి. బుట్టను పన్నెండు అంగుళాల చదరానికి తగ్గించాను. ఒక సందేహం మిగిలింది. లోపల స్టెయిన్‌లెస్, బయట ఇనుము వేడికి వేర్వేరుగా సాగుతాయి కదా, అతుకులు పగలవా? తొలిసారి ఎలా వెలిగించాలి?

రేకుపని_హ్యూస్టన్ సమాధానం:

మంచి ప్రశ్న. స్టెయిన్‌లెస్ మీటరుకు వంద డిగ్రీల సెల్సియస్ పెరుగుదలకు 1.7 మిల్లీమీటర్లు సాగుతుంది. మీ నాలుగడుగుల ఎత్తుకు అది రెండు మిల్లీమీటర్లు. బయటి ఇనుము చల్లగానే ఉంటుంది కాబట్టి అది దాదాపు సాగదు. అందుకని లోపలి పెట్టెను అడుగున మాత్రమే గట్టిగా బిగించి, పైన తలుపు చట్రం దగ్గర బోల్టు రంధ్రాలను నిలువుగా కోలగా చేయండి, బోల్టును పూర్తిగా బిగించవద్దు. పొగగొట్టం పై కప్పును దాటే చోట చుట్టూ వేలు మందాన సందు వదిలి సిరామిక్ తాడు చుట్టండి.

ఇటుక పని అయ్యాక రెండు రోజులు ఆరనివ్వండి. తరువాత మొదటి రోజు నాలుగు బొగ్గులతో గంటన్నర, రెండో రోజు దానికి రెట్టింపు, మూడో రోజు మాంసం లేకుండా 300 ఫారన్‌హీట్ దాకా అయిదు గంటలు కాల్చండి. ముద్దలోని నీరు ఒక్కసారిగా ఆవిరైతే ఇటుక అతుకులు పెచ్చులుగా లేస్తాయి, తొందరపడితే జరిగేది అదే. మూడో రోజు ఏదైనా జిగురు కాలిన వాసన వస్తే ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి. బుట్టకు పైన రాక్‌వూల్ మొదలయ్యే చోట బయటి రేకు మీద చేయి నిలవకపోతే, ఇటుక వరుసను ఇంకో మూడంగుళాలు పైకి పెంచాలి. ఇదంతా ఆరుబయటే చేయండి, చలిగా ఉందని గ్యారేజీ తలుపు తీసి లోపల మాత్రం వెలిగించవద్దు.